ఆ రబ్బరు కింద పెట్టు

చిన్నీ,

చెరపకు. ముందు చేతిలో ఉన్న ఆ రబ్బరు కింద పెట్టు, తరవాత మిగతాది చదువు.

"అమ్మమ్మా, సింగపూర్‌లో నేర్చుకున్న నగుమోము తప్పట, దా మార్చాలట, నోట్‌బుక్‌లో పాతదంతా చెరిపేసి మళ్ళీ రాసుకోనా?" అని నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. మూడోసారి మీ తాతయ్య కూడా చెవి మిషన్ పెట్టుకుని విన్నారు. "పిల్ల ఏడుస్తోందే" అన్నారు. ఏడుపు కాదు, జలుబు అన్నాను నేను. ఏది నిజమో నువ్వే చెప్పాలి.

జవాబు ఫోన్‌లోనే చెప్పేయొచ్చు. కావాలనే కాగితాల మీద రాసి ఫోటోలు పంపుతున్నాను. మీ అమ్మ చేత చదివించుకోకు. కూడబలుక్కునైనా నువ్వే చదువు, ఒక పూట పడితే పట్టనీ.

మీ కొత్త టీచర్ చెప్పింది తప్పు కాదు. సింగపూర్ టీచర్ చెప్పిందీ తప్పు కాదు. నగుమోము రాగం ఆభేరి. అందులో ఎక్కేటప్పుడు దా, అంటే ధైవతం, లేదు, దిగేటప్పుడే వస్తుంది. గొడవంతా ఆ దిగే మెట్టు దగ్గరే. ఇవాళ కచేరీల్లో దాదాపు అందరూ అక్కడ చతుశ్రుతి ధైవతమే వేస్తారు, అందుకే దాన్ని ఖరహరప్రియ జన్యం అంటారు. హిందూస్తానీ భీంపలాసీ విన్న చెవికి అది దగ్గరి చుట్టంలా ఉంటుంది. శుద్ధ ధైవతంతో, నఠభైరవి జన్యంగా పాడడం పాత పద్ధతి. దీక్షితుల వారి సంప్రదాయంలో ఆభేరి అదే. అంటే మీ సింగపూర్ టీచర్ ఎక్కడో పాత ఇంటి పాఠం పట్టుకున్న మనిషి అయ్యుండాలి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఎప్పుడైనా అడిగావా? నాలుగేళ్ళు ఆవిడ ముందు కూర్చున్నావు. నాకు కోపం వచ్చింది అక్కడే, దా దగ్గర కాదు.

"ఏది కరెక్ట్?" అని అడిగావు చూడు, అది లెక్కల మాస్టారిని అడగాల్సిన ప్రశ్న. పాట దగ్గర "ఇది మీకెవరు చెప్పారండీ?" అని అడగాలి. ఆ మాట వినయంగా అడిగితే ఏ గురువుకీ కోపం రాదు, పైగా ఒక గంట కబుర్లు చెబుతారు. నగుమోము రాసిన త్యాగరాజస్వామి శిష్యులు వాలాజాపేటలో కొందరు, ఉమయాళ్‌పురంలో కొందరు, తిల్లైస్థానంలో కొందరు. ఒకే కీర్తన ఒక్కో ఇంట్లో ఒక్కో రకం సంగతులతో పెరిగింది. ఆయన శిష్యుడు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారి దగ్గర మన కృష్ణా జిల్లా సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు నేర్చుకొచ్చారు. ఆయన దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు, పంతులు గారి దగ్గర బాలమురళి. ఇలా ఎవరి చేయి పట్టుకుని ఎవరు వచ్చారో తెలిస్తే, రెండు పాఠాలు వేరుగా ఉన్నాయని బెంగ ఉండదు. వేరువేరు ఇళ్ళ నుంచి వచ్చాయి, అంతే.

అన్నట్టు మీ సింగపూర్ టీచర్ తమిళావిడ కాబట్టి తెలుగు సరిగ్గా పలకరు, అందుకే పాటా తప్పయ్యుంటుంది అన్నావు. ఆ మాట మళ్ళీ అనకు. త్యాగరాజస్వామి పుట్టిందీ, పోయిందీ తమిళ సీమలోనే. కావేరి ఒడ్డున అర్థం పూర్తిగా తెలియకపోయినా ఆ పాటల్ని ప్రాణంగా దాచుకున్న ఇళ్ళు లేకపోతే, మన శాస్త్రి గారు వెళ్ళి తెచ్చుకోవడానికి ఏముండేది? నువ్వు మాత్రం తెలుగు పాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటున్నావు. లకీ ళకీ తేడా లేదు, నకీ ణకీ తేడా లేదు. ఆవిడను అనే హక్కు నీకెక్కడిది తల్లీ?

సరే, నా కథ చెబుతాను. నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు, ఈ ముక్క తెలీదు. మీ అమ్మకీ తెలీదు.

మేము రంగం నుంచి వచ్చామని తెలుసు కదా. రంగూన్‌ని మావాళ్ళు రంగం అనేవారు. మా నాన్న అక్కడ బియ్యం మిల్లులో గుమాస్తా. మా వీధి చివర ఒక అయ్యవారు ఉండేవారు, పగలు కలప డిపోలో లెక్కలు రాసేవారు, సాయంత్రం పిల్లలకు హార్మోనియం మీద పాటలు చెప్పేవారు. తమిళాయన. రామదాసు కీర్తనలు మాత్రం తెలుగు లిపిలోనే రాయించేవారు, నాన్న చేత దిద్దించేవారు. నాకు పది కీర్తనలు వచ్చాయి. రూళ్ళ పుస్తకం, ఊదా సిరా.

1964లో అంతా తలకిందులైంది. దుకాణాలు ప్రభుత్వం తీసేసుకుంది. మే నెలలో యాభై, వంద చాట్‌ల నోట్లు చెల్లవన్నారు. ఆ ఏడాదే ఓడ ఎక్కాం. బంగారం తీసుకెళ్ళనివ్వరు, డబ్బు తీసుకెళ్ళనివ్వరు. మా అమ్మ ముక్కుపుడక ఉంటుందా ఊడుతుందా అని రేవులో నాన్న చెమటలు కక్కారు. నా పాటల పుస్తకాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఒక అధికారి తిరగేసి, చదవలేక, మళ్ళీ నా చేతికే ఇచ్చాడు. అలా దేశం దాటొచ్చిందది.

విశాఖపట్నంలో దిగాం. మాలాంటివాళ్ళు ఎందరో దిగారు, ఇప్పటికీ ఊళ్ళో బర్మా క్యాంపు అనే చోటు ఉంది. నాకు పదకొండేళ్ళు. బళ్ళో వేశారు. ఒకరోజు పాటల పీరియడ్‌లో ఎవరికి ఏం వచ్చో పాడమంటే లేచి రామదాసు కీర్తన ఎత్తుకున్నాను. క్లాసు క్లాసంతా నవ్వింది. అందరికీ అది రేడియోలో వచ్చే వరసలో తెలుసు. నాది వేరే రాగం, వేరే నడక. పాటల టీచరమ్మ కూడా నవ్వుతూ "ఇదేం రంగం వరసే!" అంది. చెడ్డ మనిషేం కాదు, సరదాకే అంది. నేను ఇంటికొచ్చి ఆ పుస్తకంలో పేజీలు చింపి, ఒక్కొక్కటీ కుంపట్లో పెట్టాను. అమ్మ అన్నం వారుస్తోంది. కాగితాలతో నిప్పు రాజేస్తున్నాననుకుని మెచ్చుకుంది కూడాను.

తరవాత రేడియో వరస నేర్చుకున్నాను. బాగా పాడాను, బహుమతులూ వచ్చాయి. ఇక ఎవరూ నన్ను బర్మా పిల్ల అనలేదు, అదే గొప్ప అనుకున్నాను.

మీ అమ్మకు ఆరేళ్ళప్పుడు అనుకుంటాను, ఒక వేసవి రాత్రి కరెంటు పోయింది. డాబా మీద చాపలు వేసుకున్నాం. నాన్న ఉన్నట్టుండి "అయ్యోరు నేర్పిన పాటొకటి పాడమ్మా" అన్నారు. పాడాను. చివరిదాకా ఓపిగ్గా విని, "ఇది నాను రోజూ రేడియోలో ఇంటన్నదే గదేటి!" అన్నారు. నాన్నకు కోపం లేదు, ఆశ్చర్యం అంతే. మళ్ళీ ఎత్తుకోబోయాను. పల్లవి మొదటి విరుపు ఒక్కటి వచ్చింది. అనుపల్లవికొచ్చేసరికి రేడియో లాక్కెళ్ళిపోయింది. నాన్న కూడా గొంతు సవరించుకుని ప్రయత్నించారు. ఇద్దరం ఆ ఒక్క విరుపు దగ్గరే తిరిగాం, కరెంటు వచ్చేదాకా.

అయ్యవారు ఏమయ్యారో తెలీదు. ఆయనకు ఆ వరస ఎవరు చెప్పారో నేను అడగలేదు. ఆయన పేరు కూడా మాకు "అయ్యవారే". ఇప్పుడు తెలిసిందా, నువ్వు టీచర్‌ని అడగలేదంటే నాకు ఎందుకంత కోపమో?

అందుకని ఇలా చెయ్యి. పుస్తకంలో ఎడమ పేజీలో పాత పాఠం అలాగే ఉండనీ. కుడి పేజీలో కొత్తది రాయి. రెంటికీ పైన ఎవరు చెప్పారు, ఏ ఊళ్ళో, ఏ తేదీన అని రాయి. తెలుగు అక్షరాల్లో రాయి. క్లాసులో మాత్రం కొత్త టీచర్ చెప్పినట్టే పాడు, అక్కడ పాత పాఠం తీసి వాదించకు. ఆవిడ ఇంట్లో కూర్చున్నప్పుడు ఆవిడ వంటే తినాలి.

రెంటినీ నోరు కలగలిపేస్తుందన్న భయం నిజమే. తంబూరా యాప్ పెట్టుకుని పొద్దున్న నఠభైరవి ఒకసారి, ఖరహరప్రియ ఒకసారి పాడు. రెంటికీ తేడా ఆ ఒక్క దా మాత్రమే, గమనించావా? తరవాత పై షడ్జం నుంచి సా నీ దా పా, నాలుగే స్వరాలు, నిదానంగా దిగు. శుద్ధ ధైవతం పంచమానికి పక్కింటిది, చతుశ్రుతి నిషాదానికి పక్కింటిది. ముందు కదపకుండా నిలబెట్టు, గమకం తరవాత. కీర్తన మాత్రం ఒకేరోజు రెండు రకాలా పాడకు. కొన్నాళ్ళు కొత్తది, అది గట్టిపడ్డాక ఏ ఆదివారమో పాతది. శ్రుతి, తాళం సంగతి నీకు చెప్పక్కర్లేదు.

మొన్న కళాభారతిలో కచేరీకి వెళ్ళాం. పేరు చెప్పను, కుర్రాడు, ఆభేరి రాగం ఎత్తుకున్నాడు. నీ గొడవ బుర్రలో ఉంది కాబట్టి ప్రతి దా దగ్గరా చెవి నిక్కబొడుచుకుని కూర్చున్నాను. చతుశ్రుతే. ఒక్కచోట మాత్రం దిగుతూ దిగుతూ పంచమం మీదికి వాలిపోయినట్టు పాడాడు, నాకు శుద్ధమే వినిపించింది. కావాలని చేశాడో, జారిందో! వయొలిన్ అమ్మాయి వెంటనే చతుశ్రుతితో సర్దింది. తని ఆవర్తనం మొదలవగానే మీ తాతయ్య కాఫీ అంటూ లేచారు, మెడ పట్టుకుని కూర్చోబెట్టాను. మృదంగం వాయించే ఆయన ఇంటి నుంచి వచ్చింది మీ కాఫీ విరామం కోసమా అన్నాను. నువ్వూ ఎప్పుడూ లేవకు.

త్యాగరాజ ఆరాధనకి, పుష్య బహుళ పంచమి నాడు, మన వీధి గుడిలో పంచరత్నాలు అయ్యాయి. వరాళి కీర్తన దగ్గరికొచ్చేసరికి సగం మంది పుస్తకాలు చూస్తున్నారు. వరాళి గురువు ఎదురుగా కూర్చుని చెప్పకూడదని పాత నమ్మకం ఒకటుంది, దాన్ని సాకుగా పెట్టుకుని మా బ్యాచ్ మొత్తం బద్ధకించింది. నా మోకాలు బాగానే ఉంది, కింద కూర్చోగలుగుతున్నాను, లేవడానికే ఇద్దరు కావాలి. మీ తమ్ముడికి అరిసెలు అందాయా? అంతదూరం వెళ్ళేసరికి గట్టిపడి ఉంటాయి, ఆవిరి మీద పెట్టమను.

ఈస్టర్‌కి క్లీవ్‌లాండ్ ఆరాధనకి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. అది మొదలైన 1978లో మీ అమ్మ ఇక్కడ పాకుతోంది! అంతమందిలో కూర్చుని పంచరత్నాలు పాడేటప్పుడు పక్కావిడ సంగతి వేరుగా ఉంటే పోటీకి గొంతు పెంచకు. ఒక ఆవర్తనం తగ్గి విను. ఐదూ రాకపోతే వచ్చినవే పాడు, రానిచోట పెదాలు ఆడించి ఫోటోలకి పోజు పెట్టకు.

నువ్వు చివర్లో నవ్వుతూ అన్నావు కదా, "ఎక్కడిదానివి అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడానికి మూడు నిమిషాలు పడుతోంది" అని. నాలుగో ఏట మస్కట్, తొమ్మిదో ఏట సింగపూర్, పద్నాలుగో ఏట ఒహాయో. పట్టదూ మరి! రంగంలో మమ్మల్ని కోరంగీలు అనేవారు, కాకినాడ పక్కన కోరంగి రేవు పేరు మీద. 1839 తుపానుకి ఆ ఊరే కొట్టుకుపోయింది, మా నాన్నదేమో శ్రీకాకుళం వైపు, కోరంగి మొహం కూడా చూడలేదు. ఇక్కడికొస్తే బర్మావాళ్ళన్నారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పుట్టింది బెంగళూరు. పెరిగింది విశాఖ. విజయనగరం సంగీత కళాశాలకి 1919లో విద్యార్థిగా చేరదామని వెళ్తే వయొలిన్ పంతులుగా వేసుకున్నారు. ఆయన్ని బెంగళూరు నాయుడు గారని ఎవరైనా అన్నారా? మూడు నిమిషాలూ తీసుకుని చెప్పు. అడిగినవాళ్ళు ఓపికుంటే వింటారు.

సింగపూర్ టీచర్‌కి ఇవాళే మెసేజ్ పెట్టు. కుశలం అడిగాకే మిగతాది. నగుమోము ఎవరు చెప్పారో, ఏ ఊళ్ళో నేర్చుకున్నారో కనుక్కో. ఆదివారం మాకు రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చెయ్యి, మీకు పొద్దున్న తొమ్మిదిన్నర. రెండు పాఠాలూ పాడాలి. పాతది ముందు పాడు. మీ తాతయ్య చెవి మిషన్‌కి కొత్త బ్యాటరీ వేయించాను.

అమ్మమ్మ