ఒట్టు నిలబెట్టుకున్నవాడి ఓటమి

థామస్ హార్డీ నవల ‘ది మేయర్ ఆఫ్ కాస్టర్‌బ్రిడ్జ్’ 1886లో వచ్చింది. అందులో గడ్డిమోపులు కట్టే కూలీ మైఖేల్ హెంచర్డ్ ఒక సంతలో రమ్ము కలిపిన గోధుమ జావ మీద జావ తాగి, కట్టుకున్న భార్యను, చంటిబిడ్డతో సహా, ఐదు గినీలకు ఒక నావికుడికి అమ్మేస్తాడు. తెల్లారి మత్తు దిగాక చర్చికి వెళ్లి, తనకు ఎన్నేళ్లో అన్నేళ్లు, అంటే 21 ఏళ్లు మద్యం ముట్టనని బైబిల్ సాక్షిగా ఒట్టు పెట్టుకుంటాడు. ముట్టలేదు కూడా. ధాన్యం వ్యాపారంలో ఎదిగి ఊరికి మేయరయ్యాడు. మనం ఇష్టంగా చెప్పుకునే విజయగాథలు చాలావరకు ఇక్కడితో ముగుస్తాయి. హార్డీ మాత్రం అసలు కథ ఇక్కణ్నుంచే నడిపాడు. అందుకే, తనను తాను మార్చుకోవాలనుకునే ప్రతి ఒక్కరూ చదవాల్సిన నవల ఇదని నా నమ్మకం.

ఒట్టు ఒక అలవాటును ఆపగలదు. ఆ అలవాటు వెనకున్న దుడుకుతనం ఒట్టుకు లొంగదు. సంతలో ఆ ఘోరం చేయించింది రమ్ము ఒక్కటే అయితే, చుక్క ముట్టని ఏళ్లలో హెంచర్డ్ నెమ్మదస్తుడై ఉండాలి. కానీ ఏం జరిగింది? ఏబెల్ విటిల్ అనే పనివాడు రోజూ ఆలస్యంగా వస్తున్నాడని, ఒక తెల్లవారుజామున అతని ఇంటికే వెళ్లి, మంచం మీంచి లేపి, పంట్లాం కూడా తొడుక్కోనివ్వకుండా పనికి తరిమాడు. మేనేజర్ ఫార్‌ఫ్రే అడ్డుపడి విటిల్‌ను ఇంటికి పంపితే, అది తనకు అవమానమనుకున్నాడు. ఆ విటిల్ ముసలి తల్లికి కిందటి చలికాలమంతా బొగ్గులూ నశ్యమూ ఇచ్చి ఆదుకున్నది కూడా ఈ హెంచర్డే! మంచితనం లేక కాదు, ఆగడం రాక పాడైన మనిషి. ఫార్‌ఫ్రేకి పేరొస్తోందన్న అసూయతో నలుగురిలో అతని ఉద్యోగం ఇక ముగిసినట్టేనని నోరు జారాడు, మర్నాటికే పశ్చాత్తాపపడ్డాడు. కోతల వేళ వానలు పడతాయన్న జోస్యం నమ్మి ధాన్యం కొని, కాస్త ఎండ కాయగానే గాభరాపడి నష్టానికి అమ్మేశాడు. ఆ తర్వాత వానలు పడనే పడ్డాయి.

హార్డీ నవలల్లో మనుషుల్ని ఆడించేది విధి కదా, హెంచర్డ్‌ను తప్పుపట్టడం ఏం న్యాయం అని అడగవచ్చు. వానలు అతని చేతిలో లేవు, నిజమే. ఆ నావికుడు ఏళ్ల తర్వాత తిరిగొచ్చి కూతురి గురించి ఆరా తీయడమూ అతని చేతిలో లేదు. కానీ ఆ పిల్ల చచ్చిపోయిందని అబద్ధం చెప్పింది విధి కాదు. ఆ మాట అనేశాక తానేం చేశాడో తనకే నమ్మశక్యం కాలేదని హార్డీ స్పష్టంగా రాశాడు. విధి సందర్భాన్నే తెచ్చింది. జవాబు హెంచర్డ్‌దే.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. ఆ ఆవేశమే అతని సొగసు కాదా? న్యాయపీఠం మీద కూర్చున్నప్పుడు జావ అమ్మిన ముసలిది పాత పాపాన్ని బయటపెడితే, కాదని తప్పించుకునే వీలున్నా నిజమేనని ఒప్పుకున్నాడు. దివాలా తీసినప్పుడు సొంత గడియారం అమ్మి తనకు అప్పిచ్చిన ఒక పేదవాడికి డబ్బిచ్చాడు. లెక్కలేసుకునే మనిషి ఇవి చేయగలడా? ఈ వాదనను నేను సగం ఒప్పుకుంటాను. ఆవేశాన్ని చంపుకోమని ఎవరికీ చెప్పను. కానీ ధాన్యం గిడ్డంగి పై అంతస్తులో జరిగిన కుస్తీ చూడండి. బలం తనదే ఎక్కువని ఒక చేయి కట్టేసుకుని మరీ, ఒకప్పుడు స్నేహితుడై ఆనక పగవాడైన ఫార్‌ఫ్రేతో తలపడతాడు. అతన్ని అంచుదాకా నెట్టాక, ప్రాణం తన చేతిలో ఉన్న ఆ క్షణంలో, ఇద్దరి కళ్లూ కలుస్తాయి. వదిలేస్తాడు. అక్కడ ఏ ఒట్టూ లేదు. ఎదుటి మనిషి ముఖం చూసేంత వ్యవధి దొరికింది, అంతే. ఆ వ్యవధి దొరకగానే పాత స్నేహం పగను గెలిచింది.

గడువు తీరగానే హెంచర్డ్ మళ్లీ తాగాడు. అన్నేళ్ల నిగ్రహం అతనికి రోజులు లెక్కపెట్టడమే నేర్పింది. కొత్త సంవత్సరానికో, ఉగాదికో ఏదో ఒకటి మానేస్తామని నిర్ణయం తీసుకునేవారు ఈ నవల తప్పక చదవండి. విటిల్ ఘట్టాన్నీ గిడ్డంగి ఘట్టాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి.