బండి కదలకముందే

విశాఖపట్నం

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

రాజమండ్రిలో పిల్లల బట్టలు, చెప్పుల హోల్‌సేలు మొదలుపెట్టావనీ, ఒడిశాలోని బ్రహ్మపురం నుంచి మొదటి ఆర్డరు వచ్చిందనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషించాను. సరుకు ఎక్కడ కొనాలో, ఎంతకు అమ్మాలో నాకంటే నీకే బాగా తెలుసు. కానీ సరుకు ఒక రాష్ట్రం దాటి మరో రాష్ట్రంలోకి వెళ్లడం గురించి, ముప్పై ఏళ్లు పార్సిలు ఆఫీసులో బుకింగ్ బల్ల వెనక కూర్చున్నవాడిగా, నీకు నాలుగు మాటలు చెప్పాలి.

ముందుగా నా తప్పు ఒకటి చెబుతాను. 2019 జూన్‌లో బడి బూట్లు, చెప్పుల లోడు ఒకటి మా ఆఫీసు ద్వారా ఒడిశా వెళ్తోంది. తుని దగ్గర లారీ చెడిపోయింది. రాత్రి డ్యూటీ నాదే. ఇంకో బండి పంపి, పెట్టెలు అందులోకి మార్పించాను. అంతా సర్దుకుందనుకున్నాను. సరుకుతో పాటు ఉండాల్సిన ఈ-వే బిల్లులో మాత్రం పాత లారీ నంబరే ఉండిపోయింది. సరిహద్దు దాటాక బండిని ఆపారు. సరుకు మూడు లక్షలది. పన్ను పదిహేను వేలు, జరిమానా మరో పదిహేను వేలు కట్టించుకున్నారు. డబ్బు పోతే పోయింది. బండి విడుదలయ్యేసరికి ఐదు రోజులు పట్టింది, బడులు తెరిచే వారం దాటిపోయింది, ఆ కొట్టువాడి సీజను పోయింది. మూడో రోజు డ్రైవరు ఫోను చేశాడు. చేతిలో డబ్బులు అయిపోయాయి, ఎండలో బండి దగ్గరే పడుకుంటున్నాడు. "సార్, ఇందులో నేను చేసిన తప్పేంటి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. నువ్వు కొట్లో కూర్చుని రాసిన కాగితానికి రోడ్డు మీద జవాబు చెప్పుకునేది డ్రైవరు. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటే.

పూర్వం ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురం చెక్‌పోస్టులో లారీలు బారులు తీరి నిలబడేవి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. వాటి స్థానంలో 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాలు దాటే సరుకుకు ఈ-వే బిల్లు తప్పనిసరి అయింది. అదే నెల 15 నుంచి రాష్ట్రం లోపల తిరిగే సరుకుకు కూడా పెట్టారు, ఆ మొదటి ఐదు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. చెక్‌పోస్టు లేదు కదా అని ఎవరూ చూడరనుకోకు. ఎక్కడ ఆపుతారో ముందు తెలియదు, ఫాస్టాగ్ వివరాలు కూడా ఈ-వే బిల్లు వ్యవస్థకు చేరుతున్నాయి.

బిల్లు ఎప్పుడు కావాలి? సరుకు విలువ యాభై వేలు దాటితే. ఆ విలువలో పన్ను కూడా కలుస్తుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. నువ్వు 48,000 రూపాయల గౌన్లు పంపావనుకో. 5 శాతం పన్ను కలిపితే 50,400. బిల్లు తీయాల్సిందే. యాభై వేల లోపు ఉండేలా ఒకే ఆర్డరును మూడు ఇన్వాయిసులుగా చీల్చమని ఎవరైనా సలహా ఇస్తే వినకు. ఒకే బండిలో, ఒకే కొట్టుకు, ఒకే తేదీన మూడు ఇన్వాయిసులు కనిపిస్తే చూసేవాడికి అర్థం కాదా? ఇంకో సంగతి. కత్తిరించిన గుడ్డను పక్క రాష్ట్రంలో కుట్టుపనికి పంపితే విలువతో నిమిత్తం లేదు. పదివేల గుడ్డకైనా బిల్లు ఉండాలి. అమ్ముడుపోక తిరిగొచ్చే సరుకుకూ యాభై వేల లెక్క వర్తిస్తుంది.

బిల్లులో రెండు భాగాలు. పార్ట్-ఎలో ఎవరు, ఎవరికి, ఏ సరుకు, ఎంత విలువ. పార్ట్-బిలో బండి నంబరు. మొదటిది నువ్వు నింపి, ట్రాన్స్‌పోర్టు వాళ్ల ఐడీ ఇస్తే రెండోది వాళ్లు నింపుతారు. పార్ట్-ఎ నింపాక పార్ట్-బి కోసం పదిహేను రోజుల వరకు ఆగవచ్చు. అందుకని సరుకు కట్టకముందే తొందరపడి బండి నంబరు ఎక్కించవద్దు. పార్ట్-బి పడిన క్షణం నుంచి గడువు నడుస్తుంది. హమాలీలు లోడు పూర్తిచేసి, తాళ్లు బిగించాక నింపించు. దారిలో బండి మారితే, కొత్త బండి కదలకముందే కొత్త నంబరు ఎక్కించాలి. నేను చేయనిది అదే. ట్రాన్స్‌పోర్టు వాళ్లు చూసుకుంటారులే అని వదిలేయకు. బండి మారితే నీకు చెప్పాలని వాళ్లతో ముందే గట్టిగా అనుకో.

గడువు లెక్క ఇలా ఉంటుంది. మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు. 2021కి ముందు వందకే ఒక రోజు ఉండేది. రాజమండ్రి నుంచి బ్రహ్మపురం సుమారు 450 కిలోమీటర్లు, అంటే మూడు రోజులు. సోమవారం ఏ వేళకు తీసినా మొదటి రోజు మంగళవారం అర్ధరాత్రితో ముగుస్తుంది, మొత్తం గడువు గురువారం అర్ధరాత్రి దాకా. వాన, వరద, బండి చెడిపోవడం వల్ల ఆలస్యమైతే గడువు ముగిసే వేళకు ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిశాక ఎనిమిది గంటల లోపు ట్రాన్స్‌పోర్టు వాళ్లు కారణం చెప్పి పొడిగించుకోవచ్చు. 2020 జనవరిలో హైదరాబాద్‌లో ఊరేగింపు వల్ల దారి మూసుకుపోయి ఒక కాగితం లోడు ఆగిపోయింది. గడువు దాటిందని పట్టుకుని 69,000 కట్టించుకున్నారు. ఆ వ్యాపారి తెలంగాణ హైకోర్టులో గెలిచాడు, 2022 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. న్యాయం దక్కింది, కానీ రెండేళ్లు పట్టింది. పొడిగింపుకు పట్టేది పది నిమిషాలు.

నీ వ్యాపారంలో అసలు చిక్కు సరుకు వివరం దగ్గర వస్తుంది. అల్లిన బట్టలు, అంటే టీషర్టులు, లెగ్గింగ్‌ల లాంటివి, సరుకుల కోడు హెచ్ఎస్ఎన్‌లో 61 కింద వస్తాయి. నేసిన గుడ్డతో కుట్టిన చొక్కాలు, గౌన్లు 62లో. చెప్పులు, బూట్లు 64లో. ఈ మొదటి రెండంకెలు మారకూడదు. పన్ను ధరను బట్టి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టిన బట్ట ఒక్కొక్కటి, చెప్పుల జత ఒక్కొక్కటి 2,500 రూపాయల వరకు 5 శాతం, అది దాటితే 18 శాతం. పెట్టె మొత్తం ధర కాదు, ఒక్క దాని ధర చూడాలి. పండగ సరుకులో ఖరీదైన లెహంగాలు నాలుగు కలిసినా వాటిని వేరే వరసలో రాయి. చీర మాత్రం కుట్టని గుడ్డ కిందికి వస్తుంది కనుక దానికి ఈ ధర గీత లేదు.

తప్పు పడితే భయపడకు, కానీ ఆలస్యం చేయకు. బిల్లు తీశాక పార్ట్-ఎలోని వివరాలు దిద్దడం కుదరదు. 24 గంటల లోపు రద్దు చేసి కొత్తది తీయాలి, దారిలో తనిఖీ జరిగితే రద్దు కూడా కుదరదు. చిన్న తప్పులకు 2018 సెప్టెంబరు సర్క్యులరు ఊరటనిచ్చింది. జీఎస్టీ నంబరు సరిగ్గా ఉండి పేరులో అక్షరం పోయినా, బండి నంబరులో ఒకటి రెండంకెలు తప్పినా, పన్ను రేటు మారకుండా హెచ్ఎస్ఎన్ చివరి అంకెలు తేడా పడినా మొత్తం వెయ్యి రూపాయల జరిమానాతో పోతుంది. అసలు బిల్లే లేకపోతే 2022 నుంచి పన్నుకు రెట్టింపు జరిమానా, సరుకూ బండీ అక్కడే. ఇంకొకటి, రెండు నెలల రిటర్నులు వరసగా వేయకపోతే బిల్లు తీసే దారే మూసేస్తారు. నీ ఆడిటరును నమ్ము, తేదీలు మాత్రం నీ క్యాలెండరులోనే రాసుకో.

నీ పేరు మీద ఎవరైనా సరుకు పంపినట్టు బిల్లు తీస్తే, అది నీది కాదని 72 గంటల లోపు తిరస్కరించాలి. లేకపోతే నువ్వు ఒప్పుకున్నట్టే లెక్క. రోజూ కొట్టు కట్టేముందు ఈ-వే బిల్లు పోర్టల్ ఒకసారి చూడు. పాస్‌వర్డు గుమాస్తాకు కూడా ఇవ్వకు.

అమ్మడూ, ఇవన్నీ సర్కారు కోసం చేసే చాకిరీ అనుకుంటే విసుగొస్తుంది. నేను అలా అనుకోవడం మానేశాను. పెట్టెలో ఉన్నదే కాగితంలో ఉందని, దారిలో నీ సరుకుతో ఉన్న మనిషికి నువ్వు ఇచ్చే మాట అది. మొదటి లోడు కట్టే రోజు నువ్వే బయటికి రా. పెట్టెలు లెక్కపెట్టు. లారీ నంబరు నీ కళ్లతో చదివి, బిల్లులోదానితో పోల్చు. ఇన్వాయిసు, లారీ రసీదు (ఎల్.ఆర్.), పన్నెండంకెల ఈ-వే బిల్లు నంబరు డ్రైవరు చేతికిచ్చి, నీ ఫోను నంబరు కూడా ఇవ్వు. దారిలో ఆపితే ఏ వేళయినా చెయ్యమను. మోగితే ఎత్తు.

లోడు చేరాక ఆ డ్రైవరుకు నువ్వే ఒకసారి ఫోను చెయ్యి. దారిలో ఎవరైనా ఆపారా, కాగితాలు సరిపోయాయా అని అడుగు. సరిపోయాయమ్మా అని అతను అంటే ఆ మాట నాకు చెప్పు. నేను ఆ రోజు వినలేకపోయిన మాట అది.

అల్లుడికి, పిల్లలకు మా ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెదనాన్న