రెండు కలంకారీలు, ఒక వ్యాసం

పోల్చి రాయమన్న ప్రశ్నకు మన కాలేజీల్లో వచ్చే జవాబులు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. కాగితం మధ్యలో నిలువుగీత, ఎడమవైపు పోలికలు, కుడివైపు తేడాలు. పదో తరగతిలో దానికి మార్కులు పడతాయి. డిగ్రీకి వచ్చాక, ముఖ్యంగా ప్రాజెక్టు కోసం నాలుగైదు పేజీల వ్యాసం రాయాల్సి వచ్చినప్పుడు, అది చాలదు. ఆ పట్టిక వ్యాసానికి ముడిసరుకు మాత్రమే. దాన్నుంచి ఒక వాదం ఎలా పుడుతుందో ఒక్క ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచీ చూద్దాం. నేను తీసుకున్న జంట నూలు బట్ట మీద రంగులతో బొమ్మలు తీర్చే రెండు కళలు: శ్రీకాళహస్తి కలంకారీ, మచిలీపట్నం కలంకారీ.

ముందు ఈ జంటే ఎందుకో చెప్పాలి. పోల్చదగ్గ రెండింటికి ఉమ్మడి నేల ఒకటి ఉండాలి, ఆ నేల మీద అవి వేర్వేరు దారులు పట్టి ఉండాలి. నన్నయ, తిక్కన ఇద్దరూ ఒకే మహాభారతాన్ని తెలుగు చేశారు, మధ్యలో రెండు శతాబ్దాలు గడిచాయి. అందుకే ఆ పోలికకు ఎన్నిసార్లు రాసినా పదును తగ్గదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. రెండు నదులు, రెండు డెల్టాలు. అదీ మంచి జంటే. కూచిపూడి నాట్యాన్నీ కొండపల్లి బొమ్మనూ పక్కపక్కన పెడితే మాత్రం, రెండూ కళలేనన్న ఒక్క మాట తర్వాత చెప్పడానికి ఏమీ మిగలదు. జంట కుదిరిందో లేదో తెలియాలంటే ఒక ప్రశ్న వేసుకోండి: ఇవి ఇంత దగ్గరివై ఉండి కూడా ఎందుకు వేరయ్యాయి? ఆ 'ఎందుకు'కు జవాబు వెతకాలనిపిస్తే ఆ జంట మీకు పనికొస్తుంది.

తర్వాత సరుకు సేకరణ. పుస్తకాలు ఎలాగూ చూస్తారు, ఆ బట్టల్ని కూడా ఒకసారి చేతిలోకి తీసుకోండి. లేపాక్షి షోరూముకో, చేనేత ప్రదర్శనకో వెళ్లి రెండు రకాలనూ పక్కపక్కన పరచి చూడండి. అచ్చుతో అద్దిన మచిలీపట్నం బట్టలో తీగ మీది పువ్వు కొంత దూరం తర్వాత అచ్చంగా అలాగే తిరిగొస్తుంది. చెక్క అచ్చు అంచులో చిన్న పెచ్చు ఊడి ఉంటే ఆ లోపం కూడా ప్రతిసారీ తిరిగొస్తుంది. కలంతో గీసిన శ్రీకాళహస్తి బట్టలో గీత ఒకచోట లావవుతుంది, ఒకచోట సన్నబడుతుంది. ఒకే చిత్రంలోని రెండు ముఖాలు కూడా సరిగ్గా ఒకేలా ఉండవు. ఇలా కంటితో పట్టుకున్న వివరం మీ వ్యాసంలో ఉంటే, దిద్దే అధ్యాపకులకు అది మీ సొంత పని అని వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు పట్టిక వేయండి. అది వ్యాసం కోసం కాదు, మీ కోసం. రెండు నిలువు వరుసలు సరే, వాటికి ఎడమ పక్కన మూడో వరుస ఒకటి ఉండాలి: ఏ అంశంలో పోలుస్తున్నాం అన్నది. బట్ట, రంగు, పనిముట్టు, బొమ్మ, వాడకం, కొనేవారు, చరిత్ర, నేటి స్థితి. ఒక అంశం పక్కన శ్రీకాళహస్తి గడి నిండి మచిలీపట్నం గడి ఖాళీగా ఉంటే రెండే దారులు: వెతికి నింపడం, లేదా ఆ అంశాన్ని కొట్టేయడం. ఒకవైపు వంటకం గురించీ మరోవైపు వంటింటి గురించీ మాట్లాడితే అది పోలిక కాదు.

మన పట్టిక నింపితే ఇలా వస్తుంది. బట్టను సిద్ధం చేసే తీరు దాదాపు ఒకటే: నూలు గుడ్డను కరక్కాయ రసంలో ముంచుతారు. శ్రీకాళహస్తిలో దానికి గేదె పాలు కలుపుతారు, పాలలోని కొవ్వు వల్ల రంగు గీత దాటి పాకదు. నలుపు రెండుచోట్లా ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో పులియబెట్టగా వచ్చేదే; కాళహస్తి పనివారు దాన్ని కసిం అంటారు. కరక్కాయలోని టానిన్‌కు ఇనుము తగలగానే నలుపు తేలుతుంది. పటిక పడిన చోటే మొక్కల వేళ్ల నుంచి తీసిన ఎరుపు పట్టుకుంటుంది, పటిక లేని చోట ఉతుకులో పోతుంది. నీలికి నీలిమందు. ఇవన్నీ పోలికలు. తేడాలు చూస్తే, శ్రీకాళహస్తిలో చింత బరికెల బొగ్గుతో నమూనా గీసుకుని, చివర చెక్కిన వెదురు పుల్లకు గుడ్డో ఉన్నో చుట్టిన కలంతో బొమ్మ గీస్తారు. మచిలీపట్నం పక్కన పెడనలో టేకు చెక్క అచ్చులతో అద్దుతారు. శ్రీకాళహస్తిలో రామాయణ, భారత కథలు, బొమ్మల కింద తెలుగు అక్షరాల్లో వివరణ. మచిలీపట్నంలో లతలు, పూలు, జీవవృక్షం, పారశీక ఛాయలున్న అంచులు. అక్కడ గుడి, ఇక్కడ రేవు.

చాలామంది ఇక్కడ ఆగిపోయి ఈ వివరాలనే వాక్యాలుగా పేర్చి వ్యాసం అనేస్తారు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

పట్టికను దగ్గర పెట్టుకుని ఏ తేడా మరో తేడాకు కారణమవుతోందో బాణం గీతలు గీయండి. అన్ని తేడాలకూ ఒకే బరువు ఉండదు. కొన్ని మూలంలో ఉంటాయి, కొన్ని వాటి నుంచి మొలుస్తాయి. పైపైన చూస్తే మూలం పనిముట్టేననిపిస్తుంది: కలం ఉంది కాబట్టి కథ, అచ్చు ఉంది కాబట్టి లత. బాగానే ఉంది. కానీ చరిత్ర ఇంకాస్త చదివితే దానికి అడ్డం తగిలే వాస్తవం ఒకటి కనిపిస్తుంది. 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నం ఉన్న కోరమాండల్ తీరం నుంచి ఐరోపాకు వెళ్లిన మేలురకం బట్టల్లో చాలావాటి మీది బొమ్మలు కలంతో గీసినవే. అంటే ఈ తీరానికి కలం కొత్తది కాదు, అచ్చు ఒక్కటే ఇక్కడి వారసత్వమూ కాదు. అప్పుడు పనిముట్టు మూలకారణం ఎలా అవుతుంది?

ఇలాంటి వాస్తవం తగిలినప్పుడు విద్యార్థి దాన్ని పక్కన పెట్టేయాలనుకుంటాడు. దాన్నే పట్టుకోండి. దానిలోంచే మీ ప్రతిపాదన వస్తుంది. పనిముట్టు వెనక ఇంకేదో ఉంది, బట్ట ఎవరికోసం తయారైందన్నదే అది. గుడిలో వేలాడదీసే తెరకు కథ కావాలి. ఆ కథ ఒక్కసారే గీసేది, దూరం నుంచి చదివించేది. ఓడలో వెళ్లే సరుకుకు గజాల కొద్దీ ఒకే తీరు, ఒకే నాణ్యం కావాలి. మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ 1611లోనే అక్కడ స్థావరం పెట్టింది. కొనేవారి బలం ఎంతటిదంటే, తమ నేతపనివారిని కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686లో ఇలాంటి రంగుల నూలు బట్టను నిషేధించింది, ఇంగ్లండ్ 1700లో చట్టం చేసి 1721లో దాన్ని మరింత బిగించింది. సంత ఇంతగా శాసించే చోట పని వేగం వైపు, పునరావృతం వైపు మొగ్గడం సహజం.

ఇప్పుడు ప్రతిపాదన రాయండి. 'ఈ రెండింటి మధ్య పోలికలూ ఉన్నాయి, తేడాలూ ఉన్నాయి' అంటే లోకంలో ఏ రెండు వస్తువులకైనా సరిపోతుంది, దాన్ని కాదనేవారు ఉండరు. కాదనడానికి వీలున్న వాక్యమే ప్రతిపాదన. ఉదాహరణకు: 'శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీలు రంగుల విద్యలో తోబుట్టువులు, వాటిని వేరుచేసింది కలమూ అచ్చూ కాదు, వాటిని కొన్న చేతులు.' దీన్ని ఎవరైనా ప్రశ్నించవచ్చు. కాబట్టే దీన్ని నిరూపించడానికి నాలుగు పేజీలు అవసరమవుతాయి.

నిరూపించే ముందు మీరే దాన్ని ప్రశ్నించండి. శ్రీకాళహస్తి కలంకారులు ఇవాళ గీసేవాటిలో చీరలు, దుపట్టాలు, గోడ అలంకరణలు చాలా ఉన్నాయి. కొనేది గుడి కాదు. కొనేవారు మారితే పనిముట్టు మారుతుందన్నది నిజమైతే అక్కడ కలం ఎందుకు నిలిచింది? ఇది గట్టి అభ్యంతరం, దీన్ని దాటవేస్తే వ్యాసం కూలుతుంది. జవాబు వెతికితే, 1950లలో చేతిపనుల పునరుద్ధరణకు పూనుకున్న కమలాదేవి చటోపాధ్యాయ వంటివారి చొరవతో ఈ కళకు శిక్షణ, ఆదరణ దక్కాయన్న సంగతి దొరుకుతుంది. 2008లో శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టికి పద్మశ్రీ రావడం ఆ గుర్తింపు ఎంత ఎదిగిందో చూపుతుంది. కొత్త కొనుగోలుదారు డబ్బు ఇస్తున్నది చేతిగీతకే. అంటే అక్కడ కూడా కొనేవారి కోరికే పనిముట్టును నిలబెట్టింది. అభ్యంతరం మీ వాదాన్ని పడగొట్టలేదు, దానికి లోతిచ్చింది. ఈ పేరాను వ్యాసం చివరి మూడో వంతులో పెట్టండి.

ఇక అమరిక. దీనికి రెండు పద్ధతులున్నాయి. శ్రీకాళహస్తి గురించి మొత్తం చెప్పేసి తర్వాత మచిలీపట్నానికి రావడం ఒకటి. ఒక్కో అంశం తీసుకుని రెండింటినీ అక్కడికక్కడే ఎదురెదురుగా నిలపడం మరొకటి. పేజీన్నర జవాబుకు మొదటిది చాలు, అయితే రెండో సగంలోని ప్రతి పేరా మొదటి సగం వైపు తిరిగి చూడాలి. పొడవైన వ్యాసానికి అంశాలవారీ పద్ధతే నయమని నా అభిప్రాయం. రెండు పేజీల కిందట చదివింది పాఠకుడు గుర్తుపెట్టుకుంటాడని ఆశించడం భావ్యం కాదు. అంశాల వరుస ప్రతిపాదన చెప్పినట్టు సాగాలి: ముందు ఉమ్మడి రంగుల విద్య క్లుప్తంగా, తర్వాత కొనేవారు, ఆ తర్వాత బొమ్మ, అప్పుడు పనిముట్టు, చివర అభ్యంతరం. కారణం ముందు, ఫలితం తర్వాత. పనిముట్టుతో మొదలుపెడితే మన వాదమే తలకిందులవుతుంది.

ఒక పేరా ఎలా ఉండాలో చూద్దాం. ముందు సాధారణంగా వచ్చే రూపం: 'శ్రీకాళహస్తిలో పురాణ కథలు గీస్తారు. మచిలీపట్నంలో పూలు, లతలు అద్దుతారు. శ్రీకాళహస్తి బొమ్మల కింద తెలుగు రాత ఉంటుంది. మచిలీపట్నం బట్టలో ఉండదు.' ప్రతి వాక్యమూ నిజమే, కానీ వాక్యానికీ వాక్యానికీ మధ్య ఏమీ జరగడం లేదు. ఇప్పుడు ఇలా: 'గుడి తెరను భక్తులు నిలబడి చదువుతారు. అందుకే శ్రీకాళహస్తి చిత్రకారుడు బట్టను గడులుగా విడదీసి కథను వరుసలో నడిపిస్తాడు, బొమ్మ చెప్పలేనిది కింద తెలుగులో రాస్తాడు. పారశీకానికో ఐరోపాకో వెళ్లే బట్టకు తెలుగు అక్షరం అక్కరకు రాదు. భాష తెలియని ఇంట్లో కూడా ఒదిగిపోయే లతలూ పూలే అక్కడ కావాలి. మచిలీపట్నం బట్టలో కథ లేకపోయింది పనివారి ఊహ తక్కువై కాదు, ఆ బట్ట చేరాల్సిన ఇల్లు దూరమై.' సమాచారం దాదాపు అదే. రెండో రూపంలో ప్రతి తేడా 'ఎవరికోసం' అన్న ప్రశ్నకు కట్టుబడి ఉంది.

సంధానపదాలను మితంగా వాడండి. 'మరోవైపు', 'ఇందుకు భిన్నంగా' ప్రతి వాక్యం ముందూ వస్తే చదివేవారు అలిసిపోతారు. తెలుగులో 'కంటే', 'లాగే', 'మాత్రం', 'అయితే' చిన్నగా ఉండి చాలా పని చేస్తాయి. వాక్యంలో రెండు భాగాలు ఒకే తీరున నడిస్తే సంధానపదమే అక్కర్లేదు.

ఉపోద్ఘాతాన్ని మిగతా వ్యాసం పూర్తయ్యాక రాసుకోండి. 'మానవ నాగరికతలో వస్త్రానికి విశిష్ట స్థానం ఉంది' తరహా ఆరంభం వద్దు. నేరుగా రెండు బట్టలు పక్కపక్కన ఉన్న దృశ్యం, దాన్నుంచి ప్రశ్న, ఆ వెంటనే ప్రతిపాదన. ఏడెనిమిది వాక్యాలు చాలు.

ముగింపులో చెప్పిందే మళ్లీ చెప్పవద్దు, వాదాన్ని ఒక అడుగు ముందుకు నడపండి. మన ఉదాహరణలో ఆ అడుగు సిద్ధంగా ఉంది. రెండు కళలకూ వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అయినా బజారులో కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింటు, మిల్లు ప్రింటు బట్ట చవగ్గా దొరుకుతోంది. అచ్చు పని బలం తిరిగి తిరిగి ఒకేలా అద్దగలగడం. యంత్రం తేలిగ్గా అనుకరించేది కూడా దాన్నే. ఒకప్పుడు ఓడ సరుకుకు తగినట్టు మలచిన గుణమే ఇవాళ పెడన పనివారికి ఎక్కువ ముప్పు తెస్తోందని మీరు వాదించవచ్చు. ఆ ఊహకు ఆధారం ఎంత ఉందో అంతవరకే చెప్పండి.

చిత్తుప్రతి పూర్తయ్యాక ఒక పరీక్ష పెట్టండి. ప్రతి పేరాలో శ్రీకాళహస్తి వాక్యాల కింద ఒక రంగు, మచిలీపట్నం వాక్యాల కింద మరో రంగు గీత గీయండి. ఒక పేజీ అంతా ఒకే రంగు కనిపిస్తే అక్కడ పోలిక ఆగిపోయి వర్ణన మొదలైందన్నమాట. చాలామందికి తాము ఎక్కువగా ఇష్టపడే వైపే రంగు నిండుతుంది, రెండోవైపు వాస్తవాల కోసం మళ్లీ వెతకాల్సి వస్తుంది. మరో పెన్సిల్‌తో 'ఎందుకంటే', 'కాబట్టి', 'అందుకే' ఉన్న వాక్యాలకు గుర్తు పెట్టండి. అవి మరీ తక్కువైతే మీరు ఇంకా పట్టిక దగ్గరే ఉన్నట్టు.

శీర్షిక అన్నిటికన్నా ఆఖర్న పెట్టండి. 'కలంకారీలు: ఒక తులనాత్మక పరిశీలన' అన్నది ప్రశ్నపత్రం మాట. 'కొనేవారి కోసం మారిన కలం' అని పెడితే లోపల ఏం వాదించబోతున్నారో మొదటి పంక్తిలోనే తెలుస్తుంది.