కొర్రమీను పిల్లల గుర్తింపు, దక్షిణ తెలంగాణ చెరువుల్లో వాటి ఆవాసం

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట ప్రాంతంలో వర్షాధార చెరువులు అనేకం వేసవిలో అడుగంటుతాయి. ఇటువంటి నీటిలోనూ మనగలిగేది కొర్రమీను (చన్నా స్ట్రయేటా). ఇది తెలంగాణ రాష్ట్ర చేప. మార్కెట్‌లో రోహు, బొచ్చెల కంటే అధిక ధర పలుకుతుంది. అయితే దీని పిల్లలను ఇదే ప్రజాతికి చెందిన ఇతర చేపల పిల్లలుగా పొరబడే అవకాశం ఉంది. ముఖ్యంగా మట్టగిడస సాధారణంగా 30 సెం.మీ. మించి పెరగదు. కొర్రమీను అనుకొని దానిని పెంచిన రైతుకు, నెలల తరబడి మేత ఖర్చు పెట్టిన తరువాత గాని నష్టం తెలియదు.

గుర్తింపు లక్షణాలు

రంగును మాత్రమే నమ్మరాదు. కొర్రమీను పిల్లలు మొదట నారింజ ఎరుపు రంగులో గుంపుగా తిరుగుతాయి. పెరిగే కొద్దీ ఆ రంగు పోతుంది. అందువల్ల వేలెడు పిల్లల నుంచి కొన్నింటిని తీసి, భూతద్దంతో పృష్ఠ వాజంలోని కిరణాలను, పార్శ్వరేఖ వెంట ఉన్న పొలుసులను లెక్కించాలి.

• మట్టగిడస (చన్నా పంక్టేటా): కిరణాలు 28-33, పొలుసులు 37-40.
• కొర్రమీను: కిరణాలు 37-46, పొలుసులు 50-57.
• పూమీను (చన్నా మారులియస్): కిరణాలు 45-55, పొలుసులు 60-70.

కొర్రమీను, పూమీనులలో కిరణాల సంఖ్య 45-46 వద్ద కలుస్తుంది. అప్పుడు పొలుసుల సంఖ్యే నిర్ణాయకం. పూమీనుకు తోక మొదట, పైభాగాన అంచు గల నల్లని కంటి వంటి మచ్చ కూడా ఉంటుంది.

ఆవాసం

మొప్పలతో పాటు అదనపు శ్వాసావయవం ఉన్నందున కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. నీరు ఇంకినప్పుడు తేమ గల బురదలో దాగి కొంతకాలం బతుకుతుంది. వానాకాలంలో చెరువు శిఖంలోని తుంగ, నాచు మధ్య లోతు తక్కువ నీటిలో గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటిపై తేలుతాయి. గుడ్లకు, పిల్లలకు తల్లిదండ్రులే కాపలా కాస్తాయి. ఆ సమయంలో పెద్ద చేపలను పడితే పిల్లల గుంపు ఇతర చేపలకు, పక్షులకు ఆహారమవుతుంది.

గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు ఆయకట్టు నుంచి వచ్చే మురుగు నీరు కింది చెరువులో చేరుతుంది. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు చేపలకు అత్యంత విషపూరితం. కనుక వరిలో వాటిని వాడకపోవడం, ఏ మందు చల్లినా మడి నీటిని వెంటనే బయటకు వదలకపోవడం అవసరం.

రైతులకు సూచనలు

పిల్లలను కొనే ముందు పై లెక్కలతో జాతిని నిర్ధారించుకోవాలి. కొర్రమీను పిల్లలు తమకంటే చిన్నవాటిని తినేస్తాయి. ఒకే పరిమాణం గల వాటినే కలిపి వదలాలి, తరచుగా వేరు చేస్తుండాలి. చెరువులో దేవిన పిల్లలకు బదులు హేచరీ పిల్లలను ఎంచుకోవాలి. శిఖం అంచున కొంత తుంగను తొలగించకుండా ఉంచితే, ఈ చేప మరుసటి వానాకాలంలోనూ అదే చెరువులో గుడ్లు పెట్టగలదు.