లారీ కిరాయి, లెక్కల అమానత్: చిన్న వ్యాపారికి రవాణా సాఫ్ట్‌వేర్ ఎందుకు?



రెండో లారీ కొనడానికి ఖర్జె హసనా ఇప్పించమని ఎవరైనా వస్తే మేము ముందుగా ఒకే ప్రశ్న అడుగుతాం: "మొదటి బండి మీద నెలకు ఎంత మిగులుతోంది బాబూ?" చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. వాళ్ళు బద్ధకస్తులు కారు, అబద్ధాలు చెప్పేవారూ కారు. పొద్దున్నే ఫజర్ నమాజు చేసి బండెక్కితే రాత్రికి గానీ దిగరు. డబ్బు చేతిలోకి వస్తుంది, డీజిల్ బంకులో పోతుంది. నెలాఖరుకు ఏమైందో తెలియదు. ఈ ఏడాది సంచికలో ఈ విషయం గురించి రాయాలనుకోవడానికి కారణం అదే.

ఉప్మాక అనగానే అందరికీ వేంకటేశ్వర స్వామి కొండ గుర్తొస్తుంది. ఆ కొండకు దగ్గర్లోనే, నక్కపల్లి మీదుగా చెన్నై–కోల్‌కతా దారి, అంటే 16వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ఒకటి రెండు బండ్లు కిరాయికి తిప్పేవారు, డ్రైవర్లు, మెకానిక్కులు, హమాలీలు ఆ దారినే నమ్ముకుని బతుకుతున్నారు. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. పరిశ్రమలు వస్తే లోడ్లు పెరుగుతాయి. అయితే పెద్ద కంపెనీ లోడు ఇచ్చే ముందు బండి ఒక్కటే చూడదు. కాగితాలు సరిగ్గా ఉన్నాయా, సరుకు ఎక్కడుందో అడిగితే చెప్పగలరా, బిల్లు వేళకు పంపగలరా అని చూస్తుంది. చిన్న వ్యాపారులు రవాణా సాఫ్ట్‌వేర్ వైపు చూడటానికి మొదటి కారణం ఇదే.

అసలు ఈ సాఫ్ట్‌వేర్ చేసే పని ఏమిటి?

పేరు పెద్దదే గానీ పని మనకు తెలిసినదే. లోడు ఎవరిది, ఎక్కడికి, కిరాయి ఎంత, అడ్వాన్సు ఎంత అన్నది ఒకసారి ఎక్కిస్తే లారీ రసీదు తయారవుతుంది. అవే వివరాలతో ఈ-వే బిల్లు, ట్రిప్ షీటు, చివరికి కిరాయి బిల్లు వస్తాయి. డీజిల్, టోల్, బత్తా, హమాలీ ఖర్చు ఏ ట్రిప్పుదో ఆ ట్రిప్పు కిందే పడుతుంది. సరుకు దిగాక అక్కడివారు సంతకం చేసిన రసీదును డ్రైవరు ఫోనుతో ఫోటో తీసి పంపుతాడు. బండికి జి.పి.ఎస్. ఉంటే అది ఎక్కడుందో కనిపిస్తుంది.

ఒకప్పుడు ఇలాంటివి సొంత కంప్యూటర్లు, వాటికి మనుషులు ఉన్న పెద్ద సంస్థలకే సాధ్యం. 2016 తర్వాత మొబైల్ డేటా చవకయింది. ఇప్పుడు నెలవారీ చందా కట్టి ఫోన్‌లోనే వాడుకునేవి వచ్చాయి.

ఈ-వే బిల్లు తెచ్చిన మార్పు

జీఎస్టీ 2017 జూలై 1న మొదలైంది. రాష్ట్రాల మధ్య సరుకు రవాణాకు 2018 ఏప్రిల్ 1 నుంచి, మన రాష్ట్రం లోపల అదే నెల 15 నుంచి ఈ-వే బిల్లు వచ్చింది. మామూలుగా 50 వేల రూపాయలు దాటిన పన్ను సరుకు కదలాలంటే అది ఉండాలి. దానికి గడువు ఉంటుంది. 2021 జనవరి నుంచి మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు, లేదా అందులో భాగానికి, ఒక రోజు చొప్పున లెక్క. నక్కపల్లి నుంచి హైదరాబాద్‌కు సుమారు 550 కిలోమీటర్లు అనుకుంటే మూడు రోజుల గడువు వస్తుంది.

దారిలో బండి చెడిపోయి సరుకు వేరే బండిలోకి మార్చితే కొత్త బండి నంబరు బిల్లులో ఎక్కించాలి. గడువు దాటేలా ఉంటే, అది ముగిసే వేళకు 8 గంటల ముందు నుంచి 8 గంటల తర్వాత వరకు మాత్రమే పొడిగించుకోవచ్చు. ఆ వేళ అర్ధరాత్రి పడుతుంది. డ్రైవరు ఎక్కడో నిద్రపోతుంటాడు, యజమాని ఇంట్లో నిద్రపోతుంటాడు. తనిఖీలో పట్టుబడితే సరుకు ఆగిపోతుంది, పన్నుకు రెండింతలు జరిమానా పడవచ్చు. ఒక్క బండి ఉన్నవాడు గడువు గుర్తుంచుకోగలడు. నాలుగు బండ్లు నాలుగు దారుల్లో ఉంటే మనిషి జ్ఞాపకం చాలదు. సాఫ్ట్‌వేర్ ముందుగానే ఫోన్‌కు హెచ్చరిక పంపుతుంది.

ఒక ట్రిప్పు లెక్క చూద్దాం

ఇవి ఉదాహరణ కోసం మేము వేసిన అంకెలు. హైదరాబాద్‌కు కిరాయి 26,000 రూపాయలు. డీజిల్ 10,500, టోల్ 3,500, బత్తా 2,000, హమాలీ 1,500, బ్రోకరు కమీషన్ 1,000. మొత్తం ఖర్చు 18,500. మిగిలింది 7,500. యజమాని సంతోషిస్తాడు.

కానీ బండి తిరిగి రావాలి కదా. ఖాళీగా వస్తే డీజిల్ 9,000, టోల్ 3,500, బత్తా 1,500 కలిపి 14,000 అవుతుంది. రాను పోను కలిపి చూస్తే 6,500 రూపాయల నష్టం. అదే 18,000 కిరాయికి తిరుగు లోడు దొరికితే, కమీషన్, హమాలీ 2,000 పోగా 16,000 వస్తుంది. లోడు బండికి తిరుగు ఖర్చు 15,500. అప్పుడు మొత్తం ట్రిప్పు మీద 8,000 మిగులుతుంది. టైర్లు, ఇన్సూరెన్సు, కిస్తీ అందులోంచే రావాలి.

పోయేటప్పటి లెక్క ఒక్కటే చూసుకునేవాడు నష్టాన్ని లాభం అనుకుని నెలల తరబడి బండి తిప్పుతాడు. పది వరకు సరుకు బండ్లు ఉన్నవారికి ఆదాయపు పన్ను చట్టం 1961లోని 44ఏఈ సెక్షన్ ఒక వెసులుబాటు ఇచ్చింది. పుస్తకాలు రాయకుండానే బండికి ఇంత అని ఆదాయం చూపవచ్చు. పన్నుకు అది సులువే. కానీ ప్రభుత్వం అడగలేదని మనం రాసుకోవడం మానేస్తే, మోసపోయేది మనమే.

రావలసిన బాకీ

చిన్న రవాణాదారుడిని ముంచేది నష్టం కన్నా బాకీ. సరుకు చేరినా, సంతకం చేసిన రసీదు పోతే పార్టీ డబ్బు ఆపుతుంది. రసీదు ఫోటో అదే రోజు చేరితే బిల్లు అదే రోజు పంపవచ్చు. ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. చట్టం అండగా ఉంది. ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి చెల్లింపు ఆపకూడదు. కానీ ఆ రోజులు ఎప్పటి నుంచి లెక్కించాలో చూపడానికి మన చేతిలో కాగితం ఉండాలి.

సరుకు పంపే దుకాణదారుడికీ ఇది అవసరమే. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, పోయిన లేదా పాడైన సరుకు గురించి రవాణాదారుడిపై దావా వేయాలంటే బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. బుకింగ్ రసీదు దొరకనివాడు ఆ తేదీ ఎలా చూపిస్తాడు?

దీనికీ మన దీన్‌కూ సంబంధం

దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిటికన్నా పొడవైన ఆయత్, అల్ బఖరా సూరాలోని 282వది, అప్పు లావాదేవీలను రాసుకోవడం గురించే. చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు పడవద్దని అందులో ఉంది. దైవప్రవక్త (స) ప్రవక్తగా నియమితులు కాకముందు ఖదీజా (రజి) గారి సరుకుతో షామ్ దేశానికి వెళ్ళి, నమ్మకంగా లెక్క అప్పజెప్పిన సంగతి మనందరికీ తెలుసు. సరుకు రవాణా అంటే ఒకరి సొత్తును ఇంకొకరికి చేర్చడం. అది అమానత్.

జకాత్ విషయం కూడా చూడండి. సంపాదనకు సాధనమైన లారీ మీద జకాత్ లేదని ఉలమాలు చెబుతారు. కానీ దాని మీద వచ్చి నిలిచిన నగదు లెక్కలోకి వస్తుంది. పార్టీల దగ్గర రావలసిన కిరాయిల సంగతి ఆలిములను అడిగి తెలుసుకోవాలి. ఎవరి దగ్గర ఎంత రావాలో తెలియనివాడు ఆ ప్రశ్న అడగనే లేడు. తన జకాత్‌ను ఉజ్జాయింపుగా ఇస్తాడు. తక్కువ ఇస్తే పేదల హక్కు తన దగ్గరే ఉండిపోతుంది.

ఎవరికి అవసరం, ఎవరికి వద్దు

అందరూ రేపే కొనాలని మేము చెప్పడం లేదు. ఒక్క బండి, ఇద్దరు పార్టీలు ఉన్నవారికి రెండు రూపాయల పెన్ను, ఒక నోటుపుస్తకం చాలు. పుస్తకం రాయని చెయ్యి ఫోన్‌లోనూ రాయదు. మూడు నాలుగు బండ్లు దాటినవారు, లేదా బయటి బండ్లు కూడా పెట్టి లోడ్లు పంపేవారు ఆలోచించాలి. కొనే ముందు నాలుగు సంగతులు అడగాలి. డ్రైవరు చదవగలిగేలా తెలుగులో ఉందా? సిగ్నల్ లేని చోట కూడా వివరాలు ఎక్కించవచ్చా? చందా మానేస్తే మన లెక్కలు మనకు తిరిగి ఇస్తారా? నెల రోజులు ఉచితంగా వాడి చూడనిస్తారా?

ఇంకొక మాట. జి.పి.ఎస్. పెట్టేది డ్రైవరును దొంగలా చూడటానికి కాదు. బండి ఎక్కడుందని గంటకోసారి ఫోన్ చేసి, నడిపేవాడి ధ్యాస చెదరగొట్టకుండా ఉండటానికి అది పనికొస్తుంది. ముందే అతనికి చెప్పి, ఒప్పించి పెట్టాలి.

దాతలకు మా మనవి

ఒక కుటుంబానికి బండి కొనడానికి సాయం చేయడం గొప్ప పుణ్యం. కానీ లెక్క తెలియని చేతికి రెండో బండి ఇస్తే రెండో అప్పు ఇచ్చినట్టే కావచ్చు. అందుకే ఖర్జె హసనాతో పాటు లెక్కలు నేర్పడానికీ కొంత కేటాయించమని కోరుతున్నాం. ఇంటర్, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న మన పిల్లలకు లారీ రసీదు, ఈ-వే బిల్లు, ట్రిప్పు లెక్క నేర్పితే వాళ్ళే పది మంది యజమానుల లెక్కలు చూడగలరు. ఇంటి దగ్గరుండి పని చేయగల ఆడపిల్లలకూ ఇది మంచి ఉపాధి. ఏ మతం వారైనా ఈ దారి మీద బతికే ప్రతి కుటుంబానికీ ఇది పనికొస్తుంది.

వచ్చే ఏడాది ఎవరైనా రెండో బండి కోసం వచ్చినప్పుడు, మా ప్రశ్నకు నీళ్ళు నమలకుండా ఆరు నెలల లెక్క ముందు పెడితే, మీ సాయం ఫలించిందని అనుకుంటాం. ఇన్‌షా అల్లాహ్, ఆ రోజు దగ్గరలోనే ఉంది. అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.