బ్రేక్ పెడల్ మెత్తబడితే ముందు కాలితో పరీక్షించండి

తాడ్వాయి, మేడారం అడవి దారుల కోసం పాత జీపు ఎత్తు పెంచుతారు, పెద్ద టైర్లు వేస్తారు, ముందు డ్రమ్ములు తీసి డిస్కులు బిగిస్తారు. రెండు రోజులకే బండి మళ్లీ కాజీపేట షెడ్డుకొస్తుంది. "అన్నా, బ్రేక్ తొక్కితే కిందికి పోతోంది" అంటాడు ఓనరు. వెంటనే నిపుల్ విప్పి ఎయిర్ తీయడం మనకు అలవాటు. డబ్బాలకు డబ్బాలు ఆయిల్ పోసినా ఒక్కోసారి పెడల్ మారదు. కారణం గాలి ఒక్కటే కాదు గనక, పానా పట్టేముందు పెడల్ ఏం చెబుతోందో చూడండి.

ఇంజన్ ఆపి మూడు నాలుగుసార్లు వరసగా తొక్కండి. తొక్కేకొద్దీ పైకొస్తే లైన్లో గాలి ఉండాలి, లేదా వెనక లైనర్లకూ డ్రమ్ముకూ మధ్య సందు పెరిగి ఉండాలి. తొక్కి పట్టినప్పుడు మెల్లగా దిగిపోతుంటే లీకు. బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లను అనుమానించండి. బూస్టర్ చెడితే పెడల్ గట్టిపడుతుందే తప్ప మెత్తబడదు. దాన్ని మార్చి ఓనరు డబ్బు వృథా చేయకండి.

తర్వాత, బండిలో ఏం మార్చారో అడగండి.

డిస్కులు వేశారా? కాలిపర్ నిపుల్ పైవైపే ఉండాలి. కుడి ఎడమలు తారుమారైతే నిపుల్ కిందికొస్తుంది, పైన చిక్కిన గాలి ఎంత బ్లీడింగ్ చేసినా రాదు. కాలిపర్లకు ఆయిల్ ఎక్కువ కావాలి, డ్రమ్ముల కాలం నాటి మాస్టర్ సిలిండర్ చాలకపోవచ్చు. అలాగని మరీ పెద్ద బోరు వేస్తే పెడల్ గట్టిపడి, కాలి బలం ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. మాస్టర్ సిలిండర్ ఫ్లోర్ కింద ఉన్న జీపుల్లో ఆయిల్ వెనక్కి జారకుండా డిస్క్ లైనుకు 2 పీఎస్ఐ రెసిడ్యువల్ వాల్వ్ వేయండి. డ్రమ్ములకు వాడే 10 పీఎస్ఐ వాల్వ్ అక్కడ ఉంటే ప్యాడ్లు పట్టేసి వేడెక్కుతాయి.

ఎత్తు పెంచారా? యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినప్పుడు హోస్ బిగుసుకోకూడదు. ఒకరు పెడల్ తొక్కుతుంటే హోస్‌ను వేళ్లతో పట్టుకోండి. ఉబ్బుతుంటే మార్చేయండి. వెనక లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటే దాని రాడ్డును కొత్త ఎత్తుకు సరిచేయండి, లేదంటే వెనక బ్రేకుకు ప్రెషర్ తగ్గుతుంది.

పెడల్ బాగానే ఉండి బండి దూరం వెళ్లి ఆగుతోందా? అది పెద్ద టైర్ల భారం, ఎయిర్ తీసినంత మాత్రాన పోదు.

ఏ చక్రమో తేలకపోతే హోస్ క్లాంపుతో ఒక్కో హోస్ మూసి తొక్కండి. ఏది మూస్తే పెడల్ గట్టిపడుతుందో లోపం అక్కడే. అన్నీ మూసినా మెత్తగానే ఉంటే మాస్టర్ సిలిండర్ వైపు వెళ్లండి. కొత్త మాస్టర్ సిలిండర్‌కు బల్ల మీదే గాలి తీసి బిగించండి. బ్లీడింగ్ సాధారణంగా ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు వరసలో చేస్తాం. ఏబీఎస్ బండికి కంపెనీ చెప్పిన వరస పాటించండి, స్కానర్ కూడా అవసరం పడొచ్చు.

ఆయిల్ సీలు తీయని డబ్బాలోదే వాడండి. డాట్ 4 కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. అప్పుడు దిగుడు దారిలో ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ నేలకు తగులుతుంది. సిలికాన్ రకమైన డాట్ 5ను డాట్ 4లో కలపకండి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 గురించి కూడా ఓనరుకు ముందే చెప్పండి. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా పడొచ్చు, జైలు శిక్షకూ అవకాశం ఉంది.

మన కాజీపేట జంక్షన్‌లో చెల్లుబాటయ్యే బ్రేక్ పవర్ సర్టిఫికెట్ లేనిదే రైలు కదలదు. షెడ్డులోనూ ఆ నియమం పెట్టుకుందాం. ఖాళీ మైదానంలో నడక వేగంతో, ఆపై 20, 40 కిలోమీటర్ల వేగంతో ఆపి చూసి, నిపుళ్లు పొడిగా ఉన్నాయో లేదో మళ్లీ తడమండి. ఓనరు ఎంత తొందరపెట్టినా పెడల్ గట్టిగా నిలిచేదాకా తాళంచెవి ఇవ్వకండి.