అనురణనం – ఒక విద్యుత్ గిటారు ఎంపిక

పాఠ్యభాగ ఉద్దేశం

వాద్యాన్ని ఎన్నుకోవడంలో కంటికంటే చెవికి ఇవ్వవలసిన ప్రాధాన్యాన్ని తెలపడం, ప్రాచీన అలంకారశాస్త్రంలోని ఒక భావన నేటి యువతరం సంగీతాన్ని అర్థం చేసుకోవడానికి ఏ విధంగా ఉపకరిస్తుందో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

జగ్గయ్యపేట సమీపంలో కృష్ణానది ఒడ్డున వేదాద్రి క్షేత్రం ఉంది. అక్కడి నరసింహస్వామి ఆలయంలో గంట కొట్టినవారు సాధారణంగా ఆగరు, లోపలికి సాగిపోతారు. ఒక్క నిమిషం నిలిచి విన్నవారికి మాత్రం ఆ గంటలో రెండు ధ్వనులు ఉన్నట్లు తెలుస్తుంది. లోహం లోహాన్ని తాకినపుడు పుట్టే మొదటి ధ్వని క్షణకాలం ఉంటుంది. దాని వెంట సన్నగిల్లుతూ, అలలు అలలుగా సాగే రెండవ ధ్వని చాలాసేపు నిలుస్తుంది. ఈ రెండవదాన్ని మన పూర్వులు అనురణనం అన్నారు. తొమ్మిదవ శతాబ్దంలో కాశ్మీరదేశంలో ‘ధ్వన్యాలోకం’ రచించిన ఆనందవర్ధనుడు, మాటల అర్థం తెలిసిన పిమ్మట మనసులో క్రమంగా స్ఫురించే అర్థాన్ని ఘంటానాదపు అనురణనంతో పోల్చాడు.

ఈ పోలికను ఏళ్ల తరబడి తరగతిలో చెబుతూ వచ్చిన నేను, దాన్ని ఒక విద్యుత్ గిటారు ముందు కూర్చుని మళ్లీ నేర్చుకోవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంగా పేరుపడినవి. 2022 నుండి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. నందిగామ నుండి వచ్చి మా వద్ద చదువుకున్న ఒక విద్యార్థి కొన్నేళ్ల క్రితం నన్ను ఒక ప్రశ్న అడిగాడు. “సార్, మీరు వీణ వాయిస్తారు గదా, గిటారు కొనేటప్పుడు ఏం చూడాలండీ?” అన్నాడు. “అది వేరు నాయనా, ఇది వేరు. నాకేం తెలుస్తుంది?” అని పంపించివేశాను. మునేటి ఒడ్డున మిరప పండించే అతని తండ్రి, పంట అమ్మిన డబ్బులో నుండి పద్దెనిమిది వేలు ఇచ్చాడు. పిల్లవాడు ఒక్కడే విజయవాడ బస్సెక్కి, నిగనిగలాడే ఎర్రని గిటారును, ఒక ఎఫెక్ట్స్ పెడల్‌ను, చిన్న ఆంప్లిఫయర్‌ను కొనుక్కొని వచ్చాడు.

అతడు వాయించదలచిన సంగీతాన్ని గురించి కొంత చెప్పాలి. బ్రయన్ ఈనో అనే ఆంగ్ల సంగీతకారుడు 1978లో ఒక సంపుటిని వెలువరిస్తూ, దానికి ‘ఆంబియంట్’ అనే పేరు పెట్టాడు. మనిషిని చుట్టుముట్టి ఉండే వాతావరణం వంటి సంగీతం అని దాని భావం. అందులో వేగం, విన్యాసం ముఖ్యం కావు. స్వరం పుట్టిన తరువాత ఎంతసేపు, ఏ తీరున నిలిచి కరిగిపోతుందన్నదే ముఖ్యం. తరువాతి దశాబ్దాలలో పెద్ద సంస్థల అండ లేకుండా స్వతంత్రంగా పాటలు కట్టుకునే ఇండీ రాక్ బృందాలు ఈ పద్ధతిని గిటారు మీదికి తెచ్చాయి. స్వరాన్ని ప్రతిధ్వనిగా మళ్లీ మళ్లీ పలికించే డిలే, విశాలమైన మందిరంలో మోగిన భ్రాంతిని కలిగించే రివర్బ్, నాదాన్ని గరుకుగా, దట్టంగా మార్చే డిస్టార్షన్ వంటి సాధనాలే వీరికి రంగులు. చేయవలసినది అనురణనమే అయినపుడు గిటారు ఎలాంటిదైతేనేమి, పెడల్ మంచిదైతే చాలదా అని మా విద్యార్థి అనుకున్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు.

కళాశాల వార్షికోత్సవంలో అతడు వాయించాడు. మొదటి రెండు మూడు స్వరాలు హాయిగా ఉన్నాయి. తరువాత ఏదో చెడింది. ఒక్కొక్క స్వరం విడిగా చూస్తే తప్పు పలుకుతున్నట్లు లేదు, అన్నీ కలిసి మాత్రం చెవిలో గుచ్చుకున్నాయి. వెనుక వరుసలవారు మైకు చెడిందనుకొని కేకలు వేశారు. పిల్లవాడు మధ్యలోనే దిగిపోయాడు.

రెండు నెలల తరువాత పని మీద నందిగామ వెళ్లినపుడు వారి ఇంటికి వెళ్లాను. గిటారు సంచిలోనే మూలన ఉంది. “మాష్టారు గారూ, అది ఇంటికొచ్చిన కాణ్ణించీ మావాడు పుస్తకం పట్టింది లేదు. పోనీ అదన్నా వాయిస్తన్నాడా అంటే అదీ లేదు. ఎనక్కి తీసుకోమంటే కొట్టువాళ్లు సగం ధరకి అడుగుతున్నారు” అన్నాడు తండ్రి. ఆయన మాటలో కోపం లేదు. అదే నన్ను ఎక్కువగా బాధించింది. అడిగిన నాడు నేను ఒక గంట కేటాయించి ఉంటే ఆ పద్దెనిమిది వేలు అలా మూలన ఉండేవి కావు.

పెడల్‌ను పక్కన పెట్టించి, గిటారును నేరుగా ఆంప్లిఫయర్‌కు తగిలించమన్నాను. వీణకు మైనం మీద మేళం కట్టేటపుడు ఏం చేస్తామో అదే చేశాను. గిటారు తీగ సరిగ్గా సగం పొడవు దగ్గర పన్నెండవ మెట్టు ఉంటుంది. అక్కడ నొక్కి మీటితే ఖాళీ తీగకు పై స్థాయి స్వరమే రావాలి. ఖాళీగా మీటినపుడు సెకనుకు 110 కంపనాలు పలికే తీగ, ఆ మెట్టు మీద 220 పలకాలి. ఈ గిటారులో స్వరం కొంచెం హెచ్చుగా పలుకుతున్నది. అది 223 అయిందనుకోండి. స్వరాలు ఒకదాని తరువాత ఒకటిగా వచ్చే మామూలు పాటలో ఇంత కొద్ది తేడాను చెవి క్షమిస్తుంది. డిలే, రివర్బ్ పెట్టినపుడు సంగతి వేరు. ఖాళీ తీగ నాదంలోనే ఇమిడి ఉన్న 220 కంపనాల అంశం గాలిలో ఇంకా నిలిచి ఉండగానే 223 వచ్చి దాన్ని ఢీకొంటుంది. సెకనుకు మూడుసార్లు నాదం ఉబ్బి తగ్గుతుంది. వరుసగా రావలసినవాటిని అనురణనం ఏకకాలంలో నిలబెడుతుంది. వరుసలో దాగిన దోషం కూడికలో బయటపడుతుంది. వార్షికోత్సవం నాడు జరిగినది ఇదే. పెడల్ దోషాన్ని కప్పలేదు, పదిరెట్లు చేసి చూపింది.

ఆ దోషానికి మందు సులభం. బ్రిడ్జి మీది చిన్న మరను తిప్పి తీగ పొడవును రవ్వంత పెంచితే సరిపోతుంది. రెండవ దోషం మొండిది. ఆ గిటారుకు స్వరాన్ని ఊగించే లోహపు కడ్డీ ఒకటి ఉంది. దాన్ని నొక్కి వదిలితే తీగలు తమ స్వరానికి తిరిగి రావడం లేదు. పైభాగంలో తీగలు ఒదిగే గాడులలో అవి పట్టుకుపోతున్నాయి. గాడులలో పెన్సిలు పొడి రాస్తే కొంత మేలు జరిగింది, పూర్తిగా కాదు. బిరడలు కూడా వదులు. (ఆ కడ్డీని అమెరికాలో లియో ఫెండర్ 1954లో తన స్ట్రాటోకాస్టర్ గిటారుకు అమర్చి ‘ట్రెమొలో’ అన్నాడు. నిజానికి స్వరస్థానాన్ని ఊగించడం వైబ్రాటో. ట్రెమొలో అంటే నాదపు బలాన్ని హెచ్చుతగ్గులు చేయడం. అదే సంస్థ తన ఆంప్లిఫయర్లలో బలాన్ని మార్చే ఏర్పాటుకు వైబ్రాటో అని పేరు పెట్టింది! లోకంలో తప్పు పేర్లే స్థిరపడుతుంటాయి.)

తన సంగీతానికి ఏది కావాలో తెలిసి, వాద్యాన్ని దానికి తగినట్లు మలచుకొన్న మహావిద్వాంసుడు మన తెలుగువారిలోనే ఉన్నాడు. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో కృష్ణా జిల్లా గుడివాడలో, త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ చేశాడు. ఆయన చేపట్టినది మాండొలిన్. మామూలు మాండొలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగలను కలిపి లాగి గమకం పలికించడం కష్టం. పైగా దాని నాదం మీటిన వెంటనే తరిగిపోతుంది. కర్ణాటక రాగానికి ఆ కొద్దిపాటి ఆయుష్షు చాలదు. అందుచేత ఆయన విద్యుత్ మాండొలిన్‌ను ఎన్నుకొని, జంటలను తీసివేసి ఒంటి తీగలు కట్టి, మంద్రస్థాయి కోసం ఐదవ తీగను చేర్చుకొన్నాడు. విద్యుత్తు ఆయనకు పెద్ద శబ్దం కోసం కాదు, స్వరం నిలవడం కోసం కావలసి వచ్చింది. 2014లో నలభై ఐదేళ్లకే కన్నుమూసిన ఆ విద్వాంసుడు 1995లో మైకేల్ బ్రూక్ అనే కెనడా సంగీతకారుడితో కలిసి ‘డ్రీమ్’ అనే సంపుటి చేశాడు. ఆ బ్రూక్ ఎవరనుకొన్నారు? గిటారు తీగ ఆగకుండా మోగుతూనే ఉండే ‘ఇన్ఫినిట్ గిటార్’ను రూపొందించినవాడు. దాని నాదం 1987లో యూటూ బృందం పాట ద్వారా లోకానికంతా వినిపించింది. పాలకొల్లు చెవి, కెనడా చెవి వెతికినది ఒకే వస్తువును.

ఇది చెప్పగా పిల్లవాడికి కొంత ధైర్యం కలిగింది. “అయితే ఈసారి ఏం చూడాలి సార్?” అన్నాడు.

ముందుగా ప్లగ్గు పెట్టకుండా ప్రతి తీగను, ప్రతి మెట్టును మీటి చివరిదాకా వినాలి. ఎక్కడైనా స్వరం అకస్మాత్తుగా చచ్చిపోతే ఆ గిటారు వద్దు. తరువాత ఏ ఎఫెక్టూ లేకుండా ఆంప్లిఫయర్‌తో వినాలి. ఇక్కడ పికప్‌ల ప్రసక్తి వస్తుంది. అయస్కాంతాల చుట్టూ సన్నని రాగితీగ చుట్టిన పికప్, లోహపు తంత్రి కదలికను విద్యుత్తుగా మారుస్తుంది. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్‌లో స్వరం గాజులా స్పష్టంగా ఉంటుంది. డిలేలో ఒక్కొక్క ప్రతిధ్వని విడివిడిగా వినబడుతుంది. కాని అది ఇంటి కరెంటులోని 50 ఆవృత్తుల హోరును కూడా పట్టుకుంటుంది. డిస్టార్షన్ ఆ హోరును పెంచుతుంది, రివర్బ్ దాన్ని గదంతా నింపుతుంది. ఎదురు దిశలలో పనిచేసే రెండు చుట్టలతో ఈ హోరును రద్దు చేసేది హంబకర్. దాని నాదం గుండ్రంగా, బరువుగా ఉంటుంది. ఏది మంచిదని అడిగితే, ఏ ఇంట్లో వాయిస్తావని నేను తిరిగి అడుగుతాను. వీరి ఇంటి ముందే విద్యుత్ స్తంభం, లోపల పాత వైరింగు. గిటారు పట్టుకొని దిక్కు మార్చి తిరిగినపుడల్లా హోరు హెచ్చుతగ్గులవుతున్నది. ఆ ఇంటికి హంబకరే తగినది.

ఇంకొకటి. వాల్యూమ్ మీట చిటికెన వేలికి అందాలి. మీటను సున్నాలో ఉంచి తీగను మీటి, తరువాత మెల్లగా పెంచితే తాకిడి వినబడదు. స్వరం పొగమంచులో నుండి వచ్చినట్లు, కమానుతో వాయించినట్లు వస్తుంది. ఈ సంగీతంలో ఇది నిత్యం చేసే పని. స్వరం ఊగించే కడ్డీ కావాలంటే దాన్ని పదిసార్లు నొక్కి వదిలి శ్రుతి చూసుకోవాలి, తక్కువ ధరలో అయితే కదలని బ్రిడ్జి మేలు. కర్ర, రంగు, సంస్థ పేరు విషయంలో దుకాణాలవారు చెప్పేదానిలో సగం తీసివేయవచ్చునని నా అభిప్రాయం. ఫెండర్ సంస్థ 1958లో జాజ్ వాద్యకారుల కోసం చేసిన జాజ్‌మాస్టర్‌ను జాజ్‌వారు అంతగా ఆదరించలేదు. ఆ తరువాత పాత వాద్యాల అంగళ్లలో చౌకగా దొరికిన వాటిని కుర్ర రాక్ బృందాలు ఎత్తుకొన్నాయి. కెవిన్ షీల్డ్స్ అనే గిటారిస్టు దాని కడ్డీని చేతిలో పట్టుకునే తీగలన్నిటినీ మీటి, 1991లో ఈ బాణీకే తలమానికమైన సంపుటిని చేశాడు. చేసినవాడు ఒకటి తలచాడు, వాయించినవాడు మరొకటి విన్నాడు.

కంచికచర్ల వద్ద ఇంజనీరింగు చదువు ముగించి వెళ్తున్న ఒక విద్యార్థి తన పాత గిటారును అమ్ముతున్నాడని తెలిసి ముగ్గురం వెళ్లాం. నల్లని గిటారు, అంచుల్లో రంగు ఊడింది. రెండు హంబకర్లు, కదలని బ్రిడ్జి. తండ్రికి అది నచ్చలేదు. “డబ్బులిచ్చి గీతలు పడ్డది కొంటామా?” అన్నాడు. పిల్లవాడు పన్నెండవ మెట్టు చూశాడు, ప్రతి తీగను చివరిదాకా విన్నాడు, ఆంప్లిఫయర్ ముందు నాలుగు దిక్కులకూ తిరిగాడు. ఎర్ర గిటారును సగం ధరకు అమ్మగా వచ్చినదానికి తండ్రి మరో పదిహేను వందలు కలిపాడు.

ఆ వేసవిలో ఒక సాయంకాలం వారి అరుగు మీద కూర్చుని ఉన్నాను. లోపల పిల్లవాడు ఒకే ఒక్క స్వరం మీటి ఆగాడు. డిలే దాన్ని అందుకొంది. బయట బస్సులు పోతున్నాయి. తండ్రి చుట్ట ఆర్పి, తల కాస్త వంచి విన్నాడు.

“ఇంకా ఉందా?” అన్నాడు నాతో, చిన్న గొంతుతో.

“ఉందండీ.”

ఇద్దరం మళ్లీ చెవి పెట్టాం.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. ‘పెడల్ దోషాన్ని కప్పలేదు, పదిరెట్లు చేసి చూపింది’ – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
2. మాండొలిన్ శ్రీనివాస్ తన వాద్యంలో చేసిన మార్పులేవి? ఎందుకు చేశాడు?
3. సింగిల్ కాయిల్, హంబకర్ పికప్‌ల భేదాన్ని రాయండి.

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
4. ఆనందవర్ధనుడు అనురణనాన్ని దేనికి ఉపమానంగా చెప్పాడు?
5. గిటారు పన్నెండవ మెట్టు తీగలో ఏ భాగం వద్ద ఉంటుంది?

పని
6. మీ ఊరి గుడిలోనో, బడిలోనో గంట మోగించి, చివరి నాదం అణగేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో గమనించండి. విన్నదానిని పది వాక్యాలలో రాయండి.